కళ్ళు మండితే పారిపొమ్మని

ఆ సాయంత్రం ఆకు కదలడం లేదు. టైలరమ్మ మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతోంది. గుమ్మంలో కూర్చున్న అత్తగారు చొక్కాలకు బొత్తాలు కుడుతూ, పక్కింటావిడకు ఆ రోజు పడాల్సిన తిట్లు పూర్తి చేస్తోంది.

వాళ్ళుండే గదుల వరసకీ స్ట్రాబెర్రీ తోటకీ మధ్య ఒక కంచె, బండి పట్టేంత దారి, అంతే. ఆ తోటలో టైలరమ్మ తమ్ముడు ట్రాక్టరు డ్రైవరు. మొక్కలు నాటేముందు నేలలోని పురుగూ బూజూ చావడానికి మందు ఎక్కించి, వెంటనే పైన ప్లాస్టిక్ షీటు పరుచుకుంటూ పోవడం అతని పని. ఒంటినిండా తొడుగు, ముఖానికి రబ్బరు మాస్కు. "మా వాడు డాక్టరు, నేలకి ఇంజక్షన్లు చేస్తాడు" అని ఆమె అందరికీ నవ్వుతూ చెప్పుకునేది.

ముందుగా అత్తగారు కళ్ళు నులుముకుంది.

"ఎవరే మిరపకాయలు మాడుస్తున్నది? వంట రానివాళ్ళంతా ఏరి కోరి ఈ వరసలోనే చేరారు."

టైలరమ్మ కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. ఆమె పెద్దగా కంగారు పడలేదు. ఏటా నాట్లకు ముందు ఇలాగే ఓ పూట కళ్ళు మండేవి, వరసంతా దగ్గేది, తర్వాత సర్దుకునేది. జలుబుల కాలం అనుకునేవారు. లేచి కిటికీలు బిగించింది. అత్తగారిని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టి, తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కింది.

మంట తగ్గలేదు. గొంతులోకి దిగింది. మిషను మీది బట్ట ఏ రంగో కనబడలేదు. అత్తగారు ఒంగిపోయి దగ్గుతోంది.

అప్పుడే ఎవరో తలుపు బాదారు. తమ్ముడు. మాస్కు చేతిలో ఉంది, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"బయటికి రండక్కా. పంపుహౌసు మెట్ట మీదికి పోవాలి."

"బయటే కదరా మంట."

"ఇది బరువైన గాలి. పల్లానికి పారి ఇళ్ళల్లో చేరుతుంది, చేరితే ఓ పట్టాన పోదు. అత్తయ్యా, ఇది పెట్టుకోండి."

మాస్కు ఆవిడ ముఖానికి తగిలించి, వీపు మీద ఎక్కించుకుని నడిచాడు. మాస్కు లోపలినుంచే ఆవిడ అతన్ని ఏదో తిట్టింది. టైలరమ్మ ప్రతి తలుపూ కొట్టుకుంటూ వెనకాలే పరుగెత్తింది.

మెట్ట మీద గాలి తేటగా ఉంది. జనం కూలబడి వాంతులు చేసుకుంటున్నారు. షీటు రాయికి తగిలి చిరిగిందనీ, ఆపుదామంటే మేనేజరు మిగిలిన సాళ్ళు కూడా కానిమ్మన్నాడనీ తమ్ముడు చెప్పాడు.

"నేలకి వేసే మందుకి మన కళ్ళెందుకు మండాలిరా?"

"మండాలనే ఒకటి కలుపుతారక్కా. అసలు మందుకి రంగూ వాసనా ఉండవు, ఉన్నట్టే తెలియదు. కళ్ళు మండితే పారిపొమ్మని అర్థం."

ఆమె ఆ మాటే మళ్ళీ తనలో అనుకుంది. పారిపొమ్మని. ఏటా కళ్ళు ఆ మాట చెప్పినప్పుడల్లా తను తలుపులు మూసింది. తడిగుడ్డ కుక్కింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"చేరినప్పుడే ట్రైనింగులో చెప్పారు." అతను తల ఎత్తలేదు. "మీదాకా రాదనుకున్నా. బయట చెబితే పని ఉండదన్నాడు మేనేజరు."

చెంప పగలగొడదామని చెయ్యి లేచింది. అతని పెదాలు నీలంగా ఉండడం చూసి, ఆ చేత్తోనే భుజం పట్టుకుంది.

ఆసుపత్రికి చేరేసరికి అత్తగారు తేరుకుంది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నా. ఇంటికి పోదాం పద" అంది. డాక్టరమ్మ కూడా చుక్కల మందు రాసి పంపేయబోయింది. ఎరువు వాసన పడలేదంతే అని వెనకే వచ్చిన మేనేజరు చెప్పాడు. తమ్ముడు గోడ పట్టుకుని లేచి, దగ్గుల మధ్య ఆ మందు పేరు గట్టిగా చెప్పాడు. డాక్టరమ్మ రాసిన చీటీ వెనక్కి లాక్కుంది.

"ఎవర్నీ ఇంటికి పంపొద్దు" అంది నర్సుతో. "దీని దెబ్బ వెంటనే కనబడదు. ఊపిరితిత్తుల్లో నీరు తర్వాత చేరుతుంది."

అలాగే చేరింది. మర్నాడు మధ్యాహ్నానికి, అప్పటిదాకా నర్సులమీద చెణుకులు విసురుతున్న మనిషి నీళ్ళలో మునుగుతున్నట్టు గాలికోసం కొట్టుకుంది. ఆవిడ బతికింది. కానీ ఇప్పుడు రెండు మాటలకోసారి ఆగి ఊపిరి పోగుచేసుకోవాలి. పక్కింటావిడే వచ్చి పక్కన కూర్చుని, ఆ మిగతా మాటకోసం ఓపిగ్గా ఎదురుచూస్తుంది. తమ్ముడికి ఆ పని పోయింది, మెట్లెక్కే సత్తువ కూడా.

మరుసటి ఏడు నాట్లకు ముందు, టైలరమ్మ వరసలోని ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి బండిదారికి అడ్డంగా నిలబడింది. కొత్త డ్రైవరు ట్రాక్టరు ఆపి మాస్కు తీశాడు.

"ఏంటమ్మా, ఏమైంది?"

ఆమె చెప్పింది. కళ్ళ మంట సంగతి చెప్పింది, మూసిన తలుపుల సంగతి చెప్పింది. అతను వింటూ వింటూ తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. ఫోను తీశాడు, రబ్బరు తొడుగు వేళ్ళకి అంకెలు పడలేదు.

"నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. మేముండేదీ ఆ అవతలి పల్లంలోనేనమ్మా" అన్నాడు. "నిన్న అటే మందు ఎక్కించాను. పొద్దున్న ఇంట్లోవాళ్ళు కళ్ళు మండుతున్నాయంటే, తలుపేసుకుని పడుకోమని నేనే చెప్పొచ్చాను."

టైలరమ్మ అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. "నంబరు చెప్పు నాయనా" అంది.