ఒక గది, రెండు కాపురాలు

జనాభా లెక్కలు రాయడానికి వచ్చిన టీచరమ్మ, లోపల కాలు పెట్టే చోటు లేక గుమ్మంలోనే నిలబడింది. ఊరి చుట్టూ కొత్త మేడలు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఈ ఒక్క గదిలో మాత్రం రెండు కాపురాలు. మంచం మీద ఇద్దరు ముసుగుతన్ని నిద్రపోతున్నారు.

"మా మరిదీ, తోడికోడలూనమ్మా. వాళ్లది రాత్రి డ్యూటీ. పగలు వాళ్లు పడుకుంటారు, రాత్రికి మేం," అంది ఇల్లాలు గొంతు తగ్గించి.

"మరి సెలవురోజు?"

"ఆడాళ్లం మంచం మీద, మగాళ్లు మెట్ల మీద." నవ్వబోయి ఆగిపోయింది. "నెల తిరిగితే తోడికోడలికి పురుడు. ఇదంతా రాస్తే ఇల్లిస్తారామ్మా?"

టీచరమ్మ కాగితం తిప్పి తిప్పి చూసింది. మనుషులెందరో రాయడానికి గడి ఉంది, వంతులేసుకుని పడుకుంటారని రాయడానికి లేదు.

"నేను లెక్క రాసుకోవడానికే వచ్చానమ్మా," అంది తల దించుకుని.

నలుగురని రాసి, నిద్రపోయేవాళ్లు లేవకుండా తలుపు మెల్లగా దగ్గరకు వేసి, పక్కింటికి నడిచింది.