ముగ్గు మధ్యలో రోడోడెండ్రాన్

“ఇది బతకదేమోనండీ,” అన్నాను.

“ఇంకా గొయ్యే తవ్వలేదు, అప్పుడే దినాలు పెట్టేస్తున్నావా?” అన్నారు మా ఆయన, పార పట్టుకుని.

ఆ రోడోడెండ్రాన్ పూలమొక్క మా అమ్మాయి మనస్విని తెచ్చింది. గ్లాస్గోలో చదువుకి వెళ్లేముందు ఇక్కడ స్టాన్‌మోర్‌లో మా ఇంటి గుమ్మం పక్కన నాటింది. దానికి పుల్లమట్టి, అదే ఆమ్లగుణం ఉన్న మట్టి, కావాలట, వాననీళ్లే పోయాలట. ఊరికే కంగారు పడొద్దని ఇంగ్లీషులో చెప్పి రైలెక్కింది.

పిల్ల నాటిన మొక్క. దిష్టి తగలకూడదని దాని చుట్టూ ముగ్గు వేశాను, తెనాలి నుంచి తెచ్చుకున్న ముగ్గుపిండితో. ఇక్కడి వానకి నిలిచేది కాదు. కరిగిపోగానే మళ్లీ వేసేదాన్ని. వాన లేనప్పుడు కుళాయి నీళ్లు పోసేదాన్ని.

చలి తగ్గేసరికి ఆకులు పసుపురంగుకి తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. నాకు పిల్ల మీదికి మనసు పోయింది. ఫోన్ చేసి, “తిన్నావా? గొంతేంటి అలా ఉంది? జ్వరమా? జీపీ డాక్టరుకి చూపించుకున్నావా?” అని అడిగేదాన్ని.

“ఫైన్, మమ్.”

రానురాను ఆ ‘ఫైన్’ కూడా సన్నబడిపోయింది. చదువు బాగోలేదో, ఒంట్లో బాగోలేదో తెలియదు. అడిగినకొద్దీ ముడుచుకుపోయేది.

చివరికి మొక్క ఫోటో పంపించాను. వెంటనే ఫోన్ చేసింది. మొక్క మొదలు చుట్టూ ఆ తెల్లటిదేంటని అడిగింది.

“ముగ్గే.”

“బట్, దేంతో చేస్తారు అది?”

సున్నపురాయి పొడి అని చెప్పబోయి ఆగిపోయాను. పుల్లమట్టిలో నా చేత్తో నేనే సున్నం కలుపుతున్నాను. పైగా కుళాయి నీళ్లు. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేదీ అదే కదా.

పక్కనుంచి మా ఆయన, “దిష్టి సంగతేమో గానీ, దానికి నీ ముగ్గు తగిలింది,” అన్నారు.

వేళ్లు పైపైనే ఉంటాయని పిల్ల చెబితే, గరిటెతో మెల్లగా పైమట్టి గీకి, కొత్త పుల్లమట్టి వేశాను. పైన్ ఆకులు పరిచాను. వాననీళ్లకి తూము కింద తొట్టి పెట్టాను. ముగ్గు గుమ్మం ముందుకి మార్చాను, మా అమ్మమ్మ వేసినట్టు బియ్యప్పిండితో. పిచ్చుకలు వచ్చి తినిపోతున్నాయి.

ఇవన్నీ సులువే. దాన్ని రోజూ తడిమి చూడకుండా ఉండటమే కష్టమైంది.

ఆ ఏడు పూయలేదు. కొత్త ఆకులు మాత్రం ఆకుపచ్చగా వచ్చాయి. మరుసటి వసంతంలో కొమ్మ చివర లావుపాటి మొగ్గ పగిలి లోపల గులాబీరంగు కనిపించింది. మనస్వినికి ఫోన్ చేశాను.

“మొగ్గ విచ్చుతోందే.”

“రియల్లీ?”

“ఊఁ. నువ్వెలా ఉన్నావు?”

తిన్నావా, జ్వరమా అన్నీ నాలుక చివరికి వచ్చాయి. పళ్లు బిగబట్టాను. లైను కట్ అయిందేమోనని చూసుకున్నాను, లేదు. మా ఆయన టీవీ శబ్దం తగ్గించారు. కిటికీలోంచి మొగ్గనే చూస్తూ కూర్చున్నాను. గ్లాస్గోలో వాన చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది.

“బాగోలేనమ్మా,” అంది, ఎన్నాళ్లకో ఇంగ్లీషు ముక్క లేకుండా. “శనివారం ఇంటికొస్తా. వచ్చాక చెప్తా అంతా. అప్పటిదాకా పువ్వు ఉంటుందా?”