గొడుగు గుడ్డ అస్తరు

అయినా కుట్టు మీద కుట్టు వేశాడు కదా, మరెక్కణ్ణించి కారినట్టు? పైజామా లోపల గొడుగు గుడ్డతో అస్తరు. అంచులు మడిచి రెండు వరసలు, గట్టిగా ఉండాలని పైన ఇంకో వరస. నలభై ఏళ్లుగా మిషను తొక్కుతున్న దర్జీ, ఊళ్లో సగం నడుముల కొలతలు నోటికొచ్చినవాడు, సొంత పైజామా దగ్గర చతికిలబడ్డాడు. రాత్రి నాలుగుసార్లు లేచాడు. అయిదోసారి లేవాల్సిన అవసరం లేకుండానే పనైపోయింది.

పెరట్లో కూతురు పక్కగుడ్డ పిండుతూ మనవరాలి మీద విరుచుకుపడుతోంది.

"ఆరేళ్లొచ్చాయి! ఇంకా పక్క తడపడమేంటే? వారంలో ఇది మూడోసారి!"

"నేను కాదమ్మా!" అంది పిచ్చుక. ఇంట్లో అందరూ ఆ పిల్లని పిలిచే పేరది.

"నువ్వు కాకపోతే తాతయ్యా?"

అల్లుడు పకపకా నవ్వాడు. "చూశారా మామయ్యగారూ, మీ మీదికి తోసేస్తోంది!"

దర్జీ కూడా నవ్వాడు. ఆ నవ్వు తనలో ఎక్కణ్ణించి వచ్చిందో అతనికే తెలియలేదు. రాత్రి చీకట్లోనే బట్టలు మార్చుకుని మంచం అంచున కూర్చున్నప్పుడు, అదే మంచం మీద తన పక్కన పడుకునే పిల్ల దొర్లుకుంటూ వచ్చి తడిలో పడుకుంది. తడిలోకి తను జరపలేదు. దొర్లివచ్చినదాన్ని వెనక్కి లాగనూ లేదు. జరపడానికీ, లాగకపోవడానికీ చాలా తేడా ఉందని తెల్లవారినప్పటి నుంచీ తనకు తాను నచ్చజెప్పుకుంటున్నాడు.

"ఇవాళ్టి నుంచి సాయంత్రం ఆరు దాటితే నీకు చుక్క నీళ్లు లేవు," అంది కూతురు.

ఆ శిక్ష అతనికి తెలుసు. తనకు తనే వేసుకుని నెలయింది. నాలుక పిడచగట్టుకుపోవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

మధ్యాహ్నం కొట్టుకి పాత డ్రిల్లు మాస్టారు వచ్చి ప్యాంటు బల్ల మీద పడేశాడు.

"మేస్త్రీ, దీని బొత్తాలు పీకేసి జిప్పు పెట్టు. ఒక్కొక్కటీ విప్పేదాకా ఆగడం మావల్ల కావట్లేదు!"

"ఎవరివల్ల మాస్టారూ?"

"నావల్లా, దానివల్లా! డాక్టరు ప్రోస్టేటు వాచిందన్నాడు, మాత్రలు రాశాడు. సిగ్గెందుకయ్యా, ఈ వయసుకి అందరి కుళాయిలూ కారేవే. నీ సంగతేంటి?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా," అన్నాడు దర్జీ.

అన్నాక ఆ మాటని వెనక్కి తీసుకోవాలనిపించింది. మాస్టారు చెప్పులు వేసుకుని, మెట్లు దిగి, మలుపు తిరిగేదాకా టేపుని వేలికి చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు.

తరవాత తలుపు దగ్గరగా వేసి, మిగిలిన గొడుగు గుడ్డని అలాగే మూడు వరసలు కుట్టి, దొన్నెలా పట్టుకుని అందులో గ్లాసుడు నీళ్లు పోశాడు. గుడ్డలోంచి చుక్క దిగలేదు. కుట్టు వెంట మాత్రం, సూది దూరిన ప్రతిచోటా ఒక చుక్క. గట్టిదనం కోసం వేసిన మూడో వరసే అన్నిటికంటే ఎక్కువ కారుతోంది. ఎన్ని కుట్లు వేస్తే అన్ని చిల్లులు. ఇన్నేళ్లలో వానకోటు ఒక్కటైనా కుట్టి ఉంటే తెలిసేదేమో.

రాత్రి పడుకోబోతుంటే పిచ్చుక అతని చెవి దగ్గరికి జరిగింది.

"తాతయ్యా, నోరెండిపోతోంది. ఒక్క గుక్క ఇవ్వవా? అమ్మకి చెప్పన్లే."

"మీ అమ్మ అరుస్తుందే..."

పిల్ల వెల్లకిలా తిరిగింది. "నిజంగా నేనే పోస్తున్నానేమో తాతయ్యా. నిద్దర్లో కదా, నాకు తెలీట్లేదేమో."

పొద్దున "నేను కాదు" అని గొంతు చించుకున్న పిల్ల. రాత్రయ్యేసరికి ఒప్పేసుకుంది. అతను దుప్పటి దాని మెడ దాకా కప్పాడు.

కూతురు కొత్త రబ్బరు షీటు తెచ్చింది. "లేవే," అని పిల్లని లేపి, దాని వైపు పరిచి, మళ్లీ పడుకోబెట్టింది. లైటు ఆర్పడానికి స్విచ్చి మీద చెయ్యి పెట్టింది.

"ఉండమ్మా," అన్నాడు దర్జీ.

మంచం దిగి, పిల్ల కిందనుంచి ఆ షీటుని మెల్లగా లాగి, తన వైపు పరిచి, అరచేత్తో ముడతలు సాపు చేసి, దాని మీద పడుకున్నాడు.