రేడియో వదిన ఇంగ్లీషు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడని అందరూ రేడియో వదిన అనేవారు. ఆ పేరు పెట్టింది ఆవిడ ఆడపడుచు. మిషన్ తొక్కుతున్నంతసేపూ పక్కన రేడియో మోగుతూనే ఉండాలి, అందులోనూ ఇంగ్లీషు వార్తలే. చదువు మధ్యలో ఆగిపోయిందన్న వెలితి వదినని ఎప్పుడూ వదల్లేదు. రాజకీయాలు ఎంత విన్నా తలకెక్కేవి కావు. చివర్లో వచ్చే వాతావరణం మాత్రం కిటికీలోంచి చూసి సరిచూసుకోవచ్చు. చినుకు పడితే రెయిన్, కుండపోతైతే హెవీ, రాబోతుంటే ఎక్స్‌పెక్టెడ్, మబ్బు పడితే క్లౌడీ, తెరిపిస్తే క్లియర్. అలా ఒక్కో మాటా ఒడిసిపట్టింది. బిస్కట్ ప్యాకెట్ల మీదా షాంపూ సీసాల మీదా అక్షరాలు కూడబలుక్కునేది.

"ఇంత నేర్చుకుని ఎవరితో మాట్లాడతావు వదినా, మబ్బులతోనా?" అని ఆటపట్టించేది ఆడపడుచు.

"మాట్లాడితే ఏం? అవి నీలా వెక్కిరించవుగా!"

ఇంతలో పై వాటాలోకి వేరే రాష్ట్రం నుంచి కొత్త జంట దిగింది. భర్తకి ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఆ అమ్మాయికి ఆరో నెల, తెలుగు ముక్క రాదు. ఓ రోజు గౌను పట్టుకుని కిందికొచ్చి, నడుం దగ్గర బిగుతైందని సైగ చేసింది. వదిన టేపు చుట్టి, గుండె చిక్కబట్టుకుని నోరు విప్పింది.

"బేబీ... ఎక్స్‌పెక్టెడ్?"

అమ్మాయి తలూపింది.

"హెవీ?"

"వెరీ హెవీ!" అంటూ ఆ పిల్ల పగలబడి నవ్వింది.

గౌను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మాత్రం కళ్లు ఉబ్బి ఉన్నాయి. వదిన ఆమె మొహంలోకి చూసి, "టుడే క్లౌడీ?" అంది మెల్లగా.

"వెరీ క్లౌడీ" అంది అమ్మాయి. వదిన ఆమెని కూర్చోబెట్టి టీ కలిపిచ్చింది.

అప్పట్నుంచీ రోజూ దిగొచ్చేది. పుట్టబోయే బిడ్డకని కొన్న ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెచ్చేది. వదిన వాటిని కడుపులో బిడ్డకి వినబడేలా గట్టిగా చదివేది. కత్తి బొమ్మ కింద 'నైఫ్' అన్న మాటలో 'కె' పలకకూడదని అమ్మాయి చెప్పేసరికి వదినకి ఒళ్లు మండింది.

"పలకనప్పుడు రాయడం దేనికి? దండగ!"

ఆ అమ్మాయి నేర్చుకున్న మొదటి తెలుగు మాట 'దండగ'.

నెలలు నిండుతుండగా కబురొచ్చింది. పురుడు పోయడానికి రావలసిన తల్లి కాలు విరగ్గొట్టుకుందట. అమ్మాయి తల్లితో మాట్లాడలేక ఏడుస్తూ ఫోను వదిన చేతిలో పెట్టేసింది. రేడియో మాటలేవీ అక్కరకి రాలేదు. వదిన తడుముకుంటూనే మొదలెట్టింది.

"అమ్మా... నో ఫియర్. యువర్ డాటర్ అప్‌స్టెయిర్స్. ఐ డౌన్‌స్టెయిర్స్. నైట్ ఆల్సో."

అవతల్నుంచి అంతే అతుకుల ఇంగ్లీషులో, "యూ... మదర్?" అని వినిపించింది.

"టూ సన్స్. బిగ్ ఈటింగ్!"

అవతలావిడ నవ్వేసింది. ఆవిడ ఇంగ్లీషంతా టీవీ వంటల కార్యక్రమం చలవట. వెంటనే కూతురికి ఇష్టమైన సూప్ ఎలా కాచాలో చెప్పడం మొదలెట్టింది. స్లో ఫైర్ అంటే స్లో ఫైర్ అని వదిన తలూపుతోంది. పక్కన అమ్మాయి ఏడుపు మానేసి వింటోంది.

అప్పుడే లోపలికొచ్చిన ఆడపడుచు నోరెళ్లబెట్టింది. "ఎవరు వదినా? ఏమంటోంది?"

"ఉండవే, మధ్యలో నువ్వొకత్తివి! ఉప్పు దగ్గరున్నాం."