రెండో తాళం

సాయంత్రం ఐదింటికి ఇంటర్నెట్లోంచి ఫోటో తీసేస్తారు. మూడూ పది అయింది. ఆమె స్టూడియో మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియో అది. ముందుగదిలో ఒక స్టూలు, వెనక నీలం తెర, పక్కన అద్దం, ఆ అద్దానికి దారంతో కట్టిన దువ్వెన. సగం ఊరు ఆ దువ్వెనతోనే తల దువ్వుకుని గుర్తింపు కార్డుల్లోకి ఎక్కింది. లోపలిగదిలో ఆమె పెదనాన్న కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎవరి బుగ్గ మీదో మచ్చని కంప్యూటర్లో చెరుపుతున్నాడు.

ఆమె బల్ల మీద కాగితం పెట్టింది.

"ఇదీ ఉత్తరం. సంతకం పెట్టి, ఫోటో తీసి, నీ మెయిలు నుంచి పంపాలి. నా మెయిలు నుంచి పంపితే ఒప్పుకోరట."

పెదనాన్న ఆ కాగితం వైపు చూడలేదు. మచ్చ చెరపడం మానలేదు. అలా చూడకుండా ఉండడం ఆయనకు ఇరవై రెండేళ్లుగా బాగా అలవాటైన పని.

ఇరవై రెండేళ్ల కిందట నూలు మిల్లులో, వెనకవైపు రంగుల షెడ్డులో మంటలు లేచాయి. పదకొండు మంది వెనకగేటు దాకా పరిగెత్తి అక్కడే పోయారు. గేటుకు తాళం ఉంది. కాపలాదారు తాళం వేసి తాళంచెవితో ఎటో పోయాడని కంపెనీ చెప్పింది, విచారణ సంఘం తలూపింది. కాపలాదారు ఆరునెలలు జైల్లో ఉన్నాడు. నా తాళం నేను తీశాను, దాని కింద ఇంకో తాళం ఉంది, అది నాది కాదు, అని మొత్తుకున్నాడు. రెండో తాళమన్నది కట్టుకథ అని తీర్పు. అప్పటినుంచి వీధిలో ఆయన పేరే తాళం. "తాళంగారూ, కాస్త గేటు తీస్తారా" అని పిల్లలు అరిచి పారిపోయేవాళ్లు. ఆ పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు, వాళ్లూ అరుస్తున్నారు. తాళంగారి కూతురే ఈమె. ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది.

ఇంటర్నెట్లో అందరూ రాసే, అందరూ ఉచితంగా చదివే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో ఆ మిల్లు మీద వ్యాసం ఉంది. మిల్లు పెట్టిన పెద్దమనిషి బొమ్మ, ఆయన కట్టించిన క్లబ్బు బొమ్మ, అన్నీ ఉన్నాయి. కిందెక్కడో ఒక ముక్క: కాపలాదారు తాళం వేసి వెళ్లిపోవడం వల్ల పదకొండు మంది మరణించారు. ఆమె దాన్ని దిద్దింది. గంటలో ఎవరో మళ్లీ పాత మాటే పెట్టారు. మళ్లీ దిద్దింది. ఆధారమేదని అడిగారు. ఆధారం ఎక్కడిది? రాసిందంతా మిల్లువాళ్లే, అచ్చేసిందంతా వాళ్లే.

పోయిన నెల పెదనాన్న పాత నెగటివులన్నీ స్కాన్ చేసిపెట్టమన్నాడు. పెళ్లిళ్లూ పుట్టినరోజులూ గుట్టలు గుట్టలుగా చేస్తూ పోతుంటే, ఒక కవరు అడుగున, మడతలో మూడు ఫ్రేముల నెగటివు ముక్క దొరికింది. స్కాన్ చేసి చూసింది. గేటు. వీపు ఇటు తిప్పి వాళ్ల నాన్న. చేతిలో ఇటుక. గొలుసుకు నోరు తెరుచుకుని వేలాడుతున్న తాళం ఒకటి. దాని కింద, ఇటుక దెబ్బ తగులుతున్న చోట, మూసుకుని ఉన్న ఇంకో తాళం. కమ్మీల సందుల్లోంచి చేతులు.

ఆమె ఆవేళ పెదనాన్నని ఏమీ అడగలేదు. ఇంటికెళ్లి ఫోటోని నేరుగా విజ్ఞాన సర్వస్వంలోకి ఎక్కించింది. ఇది ఎవరి కృతి అని అడిగితే 'నా సొంతం' అన్న గడిలో టిక్కు పెట్టింది. స్కాన్ చేసింది తను, ఫోటోలో ఉన్నది తన తండ్రి, నెగటివు తన పెదనాన్న బీరువాలోది. ఇంకెవరి సొంతం?

మర్నాటికే దాని మీద ఎర్ర చీటీ పడింది. అనుమతులు చూసే కార్యకర్త ఒకాయన ఉన్నాడు, జీతం లేని పని, ఆమె ఆయనకు కత్తెర అని పేరు పెట్టుకుంది. ఆయన ఓపిగ్గానే రాశాడు. ఫోటోలో ఉన్నవాళ్లది కాదు హక్కు, కాపీ దాచుకున్నవాళ్లది కాదు, స్కాన్ చేసినవాళ్లది అసలే కాదు, కెమెరా మీట నొక్కినవాళ్లది. వాళ్ల నుంచి ఉత్తరం రావాలి, ఏడు రోజుల్లో. ఇవాళ ఏడో రోజు.

సంగతంతా మెసేజీ పెట్టింది, ఆరు రోజులూ పెదనాన్న ఫోను ఎత్తలేదు. అందుకే ఆమె ఇవాళ సగం రోజు సెలవు పెట్టి వచ్చి ఎదురుగా నిలబడింది.

చివరికి ఆయన ఉత్తరం అందుకున్నాడు. పెదాలు కదుపుతూ చదివాడు. ఒకచోట ఆగిపోయాడు. ఎవరైనా, ఎందుకైనా, అమ్ముకోవడానికైనా వాడుకోవచ్చునని ఉంది. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదనీ ఉంది. అంటే రేపు మిల్లువాళ్లు దీన్ని కాలెండరు మీద వేసుకున్నా నోరు మూసుకోవాలా అని అడిగాడు. వేసుకోమను, ప్రతి ఇంట్లో తగిలించమను అంది ఆమె. ఆ బేరంతో ఆమె రాజీపడి మూడు రోజులైంది. అందరికీ ఇవ్వడమంటే పగవాడికి కూడా ఇవ్వడమే. కానీ ఆయన నిజంగా ఆగిపోయింది అక్కడ కాదు, ఇంకో వాక్యం దగ్గర. ఈ ఫోటో మీద హక్కులన్నీ నావేనని ధ్రువీకరిస్తున్నాను, అన్న చోట.

లేచి బీరువా తీశాడు. అట్ట ఫైల్లోంచి పసుపుపచ్చ కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. మిల్లువాళ్ల ఆర్డరు. హాజరు బహుమతుల సభకు ఫోటోలు తీయాలి. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా. ఫిల్ము కంపెనీది. ఆ రోజు తేదీ.

"మూడున్నరకి మంట లేచింది. నేను వాళ్ల కూలిలో ఉన్నాను తల్లీ. వాళ్ల రీలు మీద తీశాను. మిగతా రీళ్లన్నీ ఇచ్చేశాను, ఇది మాత్రం కత్తిరించి దాచాను."

"దాచి?"

దాచి, ఆ తర్వాత పదిహేనేళ్లు ఆ మిల్లు కూలీలందరికీ గుర్తింపు కార్డుల ఫోటోలు తీశాడు. ప్రతి ఆదివారం తమ్ముడింటికి వచ్చాడు. తమ్ముడు వడ్డిస్తే తిన్నాడు. తాళంగారూ అని వీధిలో పిల్లలు అరిస్తే వెంటబడి తరిమాడు కూడా. ఇదంతా ఆమెకు తెలుసు, కాగితం తేదీ చూశాక మాత్రం ఒక్కోటీ వరసగా గుర్తుకొచ్చింది. తిడదామనుకుంది. గడియారం మూడూ నలభై చూపిస్తోంది, తిట్టడానికి టైము లేదు.

పెదనాన్న కలం తీసి ఉత్తరం మీద సంతకం పెట్టేశాడు. పసుపు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దీన్ని చించేస్తే పోయె. ఎవడికి తెలుసు? పంపెయ్."

పంపెయ్యాలనే ఉంది ఆమెకు. పదకొండు మందిని లోపల పెట్టి తాళం వేసినవాళ్లకు కాపీరైటొకటా? కంప్యూటరు ముందు కూచుని, ఉత్తరం ఫోటో జతచేసి, మీట మీద వేలు పెట్టింది. వేలు కదల్లేదు. కాగితం మీద ఒక అబద్ధం పడినందుకే తండ్రి నడుం వంగిపోయింది. ఇప్పుడు తనూ ఒక అబద్ధం కాగితం మీద పెట్టాలి. పైగా దొరికితే, ఫోటో కూడా అబద్ధమే అంటారు.

కత్తెరని అడిగి చూద్దామనుకుంది. కూలికి తీసిన ఫోటో అయితే ఏదైనా దారి ఉందా అని. ఆ ఫోటో మీద వాదనలు రాసుకునే చర్చాపేజీ తెరిచింది. అక్కడ అప్పటికే కొత్త వ్యాఖ్య ఉంది. మిల్లు ప్రచారాధికారి రాశాడు. కంపెనీ ముద్రతో ఉత్తరం కూడా జతచేశాడు. ఆ రోజు ఫోటోగ్రాఫరు తమ కూలిలో ఉన్నాడని, ఆర్డరు నకలు తమ దగ్గర ఉందని, ఫోటో తమ ఆస్తి అని, వెంటనే తీసేయాలని.

ఆమె చెయ్యి మీట మీంచి తీసేసింది. పంపి ఉంటే ఇద్దరూ దొంగలయ్యేవాళ్లు.

పెదనాన్న స్టూలు మీద కూలబడి, అయిపోయిందన్నాడు. ఈ మిల్లు మనల్ని బతకనివ్వదన్నాడు. ఆ ప్రచారాధికారి కుర్రాడెవడో రెండేళ్ల కిందట చేరాడు, వాడికి మంటల సంగతి కూడా తెలిసి ఉండదు, వచ్చిన పని చూసుకుపోతున్నాడు అన్నాడు.

ఆ మాట దగ్గర ఆమె తలెత్తింది. వాడికి తెలియదు. వ్యాఖ్య మళ్లీ మొదట్నించి చదివింది. ల్యాబులో అదే అలవాటు, ప్రతి చీటీ రెండుసార్లు. నమూనా ఎవరిదో తేల్చకుండా ఫలితం రాయరు అక్కడ. గొట్టం మీది పేరు, కాగితం మీది పేరు, రోగి నోటితో చెప్పిన పేరు, మూడూ కలవాలి. ఈ ఫోటో మాది అంటున్నాడు. సరే. ఏ గేటు? ఏ తాళం? రోగి నోటితో చెప్పనీ.

ఆమె మర్యాదగా రాసింది. తనకు మర్యాద అంత బాగా రాదు కాబట్టి రెండుసార్లు చెరిపి రాసింది. ఇలాంటి గేట్లు చాలా మిల్లులకు ఉంటాయి. ఈ ఫోటో ఆ రోజున మీ మిల్లు వెనకగేటు దగ్గర తీసిందేనని, దాన్ని ఎవరూ మార్చలేదని ఎలా చెప్పగలరు? దాని కింద కత్తెర ఒక్క వాక్యం చేర్చాడు: ప్రశ్న సబబే, హక్కుదారు రుజువు చూపాలి.

నాలుగైంది. ఏమీ లేదు. గుర్తింపు కార్డు ఫోటోకి ఒకావిడ వచ్చింది. పెదనాన్న వెళ్లి గడ్డం కొంచెం పైకెత్తమ్మా అంటున్నాడు. నాలుగూ పది. ఆమె పేజీని తాజా చేస్తూనే ఉంది. నాలుగూ ఇరవై. తెలివైనవాడెవడైనా పక్కన ఉండి ఉంటే అక్కడితో ఆపేవాడు. ప్రచారాధికారి పక్కన ఎవరూ లేరు. ఆస్తి తనదని చూపించాలన్న ఆత్రం మాత్రం ఉంది, ఎదుట పాత రిజిస్టరు ఉంది.

నాలుగూ ముప్పై రెండుకి జవాబు పడింది. మళ్లీ ముద్ర వేసిన ఉత్తరమే. ఆమె బయటికి చదివింది, పెదనాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు.

"సదరు గేటుకు యాజమాన్యం ఆదేశంపై ఆ సంవత్సరం మొదటి నెల నుంచి రెండో తాళం వేయబడుచుండెను. ఫోటోలో కింద కనబడు ఇత్తడి తాళం అదియే. దానిపై మా మిల్లు ముద్ర గలదు. తాళంచెవి మేనేజరు గదిలో ఉండెడిది. ఫోటోలో ఎట్టి మార్పులూ లేవు. కావున ఇది నిస్సందేహముగా మా ఆస్తి."

ముందుగదిలో ఆవిడ, ఫోటో అయిందా అని అడుగుతోంది.

"చెరిపేస్తారేమో," అన్నాడు పెదనాన్న. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని ఆమెకు తెలియదు.

చెరిపినా పేజీ చరిత్రలో ఉంటుంది, అక్కడ ప్రతి మార్పూ నిలవ ఉంటుందని చెప్పింది. అయినా నమ్మకం లేక మొత్తం పేజీ ప్రింటు తీసింది, మూడు కాపీలు. మిల్లువాళ్ల ఉత్తరాన్ని వేరేగా దాచింది. పెదనాన్న సంతకం పెట్టిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. తర్వాత చర్చాపేజీలో రాసింది: 'ఈ ఫోటో మిల్లుదే. ఒప్పుకుంటున్నాను. నా సొంతమని రాయడం నా తప్పు. తీసేయండి.'

సరిగ్గా ఐదింటికి ఫోటో పోయింది. దాని చోట ఖాళీ గడి, చిన్న గమనిక. హక్కుదారు అభ్యంతరం వల్ల తొలగించబడింది, చర్చ ఇక్కడ చూడండి. కింద కత్తెర ఆమెకు విడిగా ఒక మాట రాశాడు. చర్చాపేజీని వ్యాసానికి ఆధారంగా తీసుకోరట, కానీ ఆ ఉత్తరం ఏ పత్రికలోనైనా అచ్చయితే ఆ పత్రికే ఆధారమవుతుందట. అంతవరకు కాపలాదారు వాక్యం పక్కన 'ఇది వివాదంలో ఉంది' అని తనే పెట్టానన్నాడు. కత్తెర అని పేరు పెట్టినందుకు ఆమె కొంచెం సిగ్గుపడింది.

కార్మిక సంఘం పత్రిక ఆఫీసు ఆరున్నర దాకా తీసి ఉంటుంది. ముందు ఇంటికి, తర్వాత అక్కడికి అంది. పెదనాన్న తాను ఎందుకన్నాడు. ఆమె ఆయన చెప్పులు తెచ్చి ఆయన ముందు పడేసింది.

ఇంట్లో నాన్న ముందుగదిలో నేల మీద కూచుని పాత కుర్చీకి ప్లాస్టిక్ తీగ అల్లుతున్నాడు. జైలు నుంచి వచ్చాక నేర్చుకున్న పని. కాగితం చేతికిస్తే వేళ్లు గుడ్డతో తుడుచుకుని, అక్షరం అక్షరం మీద వేలు జరుపుతూ చదివాడు. తాళంచెవి మేనేజరు గదిలో, అన్న చోట వేలు ఆగింది.

"ఫోటో ఎవరు తీశారు?"

పెదనాన్న గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"నేనే."

"అప్పుడు నువ్వెక్కడున్నావు అన్నయ్యా?"

"నీ వెనకే. పదడుగుల దూరంలో."

తీగ చివర పంటితో కొరికి ముడి బిగించాడు నాన్న. లోపలికి రమ్మనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆదివారం రావచ్చో లేదో ఆ ముడి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. కాగితం కూతురికి తిరిగి ఇచ్చాడు.

"పత్రికవాళ్లకి తర్వాత ఇద్దువుగాని. తలుపు రెండు రెక్కలూ తియ్యి. తీసి, వీధికి వినబడేలా చదువు."