పెద్దసారు పాలపన్ను

పళ్ళ కాలేజీలో లాగుడు మిషను నడిపే మిషనాయన రోజూ తొమ్మిదింటికి ల్యాబు తాళం తీసి, సీసాల్లో పళ్ళకి నీళ్ళు మార్చి, స్టూలు లాక్కుని విరగ్గొట్టే పనిలో పడేవాడు. విరగ్గొట్టేది పళ్ళని కాదు, పళ్ళకి అతికించిన జిగురుని. ఆ ముక్క ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నా వాళ్ళావిడ ఇంకా నమ్మలేదు.

అది పిల్లల పళ్ళ విభాగం. గట్టిగా ఉన్న పాలపంటిని జిగురు ఎంత బలంగా పట్టుకుంటుంది, పుచ్చిన పాలపంటిని ఎంత బలంగా పట్టుకుంటుంది అన్న పరిశోధన అక్కడ రెండేళ్ళుగా నడుస్తోంది. ఊడిన దవడపన్ను తెచ్చి నిలువునా రెండు ముక్కలు కోస్తారు. పైన అరగదీసి, లోపలి పసుపు పొర కనపడ్డాక దాని మీద ఆమ్లం రాసి కడుగుతారు. జిగురు పూసి, నీలం లైటు పట్టి, బియ్యపుగింజంత సిమెంటు ముక్క నిలబెడతారు. ఒక రోజు నీళ్ళలో నాననిచ్చి, మర్నాడు మిషనుకి బిగించి ఆ గింజ ఊడేదాకా లాగుతారు. ఊడగానే ఎంత బలానికి ఊడిందో తెర మీద అంకె పడుతుంది. అప్పుడే పన్ను కూడా మాట్లాడుతుంది.

పెద్ద ప్రసంగాలేం కావు. ఆ పన్ను నోట్లో ఉండగా ఆ పిల్లాడో పిల్లో ఆఖరుగా అన్న మాట, అచ్చం అదే గొంతుతో. పన్ను రెండు ముక్కలైంది కనక మాట కూడా రెండు ముక్కల్లో వచ్చేది. ముందు ఊడినదానికి మొదటి సగం, తర్వాత ఊడినదానికి మిగతాది. "అమ్మా, చూడవే" అని ఒకటంటే, "ఊగుతోంది" అని రెండోది పూర్తి చేసేది. పుచ్చుపళ్ళు ఎక్కువగా ఏడ్చేవి. మిషనాయన అంకె ఒక గడిలోనూ మాట పక్కగడిలోనూ రాసేవాడు. రిజిస్టర్లో ఆ గడికి 'పంటి మాట' అని అచ్చు వేయించారు కూడా. పత్రికలకి పంపే వ్యాసాల్లో మాత్రం ఎవరూ దాన్ని చేర్చరు. మాటలకి సగటు తీయడం కుదరదు కదా.

ఇక పెద్దసారు సంగతి. ఆ విభాగానికి అధిపతి. పిల్లల పళ్ళ డాక్టరై ఉండి పదకొండేళ్ళుగా ఒక్క పిల్లాడి నోట్లోకి తొంగిచూడలేదు, కరుస్తారని. ఎవరు ఏ వ్యాసం రాసినా పైన మొదటి పేరు ఆయనదే. పుచ్చుపళ్ళ వాసన పడదని వాటిని తాకడు. అలాంటి మనిషి, కాలేజీ పుస్తకానికి ఫోటోలు తీసేవాడు వచ్చిన వారం మాత్రం, తలకి రంగేసుకుని వచ్చి ల్యాబులో కూర్చున్నాడు. గట్టిపళ్ళన్నీ తానే అతికిస్తానన్నాడు. పుచ్చువి పీజీ అమ్మాయికి తోసేశాడు.

ఆ పరిశోధన నిజానికి ఆ అమ్మాయిదే. పళ్ళు ఏరింది, కోసింది, అరగదీసింది ఆమె. పెద్దసారు చేసిందల్లా గాలి కొట్టడం. ఆమ్లం కడిగేశాక గాలిగొట్టం పట్టి, పన్ను సున్నంలా తెల్లబడేదాకా ఊదాడు.

"సర్, లోపలి పొర కదా, కొంచెం తడి ఉంచుదామా?" అందా అమ్మాయి, భయం భయంగా.

"అమ్మాయ్, నీకు పాలపళ్ళు మొలవకముందు నుంచీ నేను గాలి కొడుతున్నాను."

కొడుతూనే ఉన్నాడు. తప్పు అక్కడే ఉంది. ఆమ్లం రాశాక ఆ పొరలో సన్నని పీచు తేలుతుంది. తడి ఉన్నంతసేపు పీచు నిలబడి ఉంటుంది, జిగురు దాని సందుల్లోకి దిగుతుంది. ఎండగొడితే పీచంతా అణిగి అట్టకడుతుంది, జిగురు పైపైనే కూర్చుంటుంది. పైనున్న తెల్ల పొరకైతే సున్నంలా ఆరబెట్టడం సరే. లోపలి పొరకి అది పనికిరాదని మూడో ఏడాది కుర్రకారుకి కూడా తెలుసు. పెద్దసారు చదువు పైపొర దగ్గరే ఆగిపోయింది.

ఫలితం ఎలా రావాలో అలాగే వచ్చింది. ఆయన అతికించిన గట్టిపళ్ళకి సగటున తొమ్మిది, ఆమె అతికించిన పుచ్చుపళ్ళకి పన్నెండు. గట్టి పన్ను కంటే పుచ్చు పన్నే నయమని తేలింది! ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవరో. పెద్దసారుకి మద్దెల కూడా అక్కర్లేదు, పీజీ అమ్మాయి ఉంది. 'గట్టిపళ్ళు కూడా ఈమే అతికించింది, ఈమె చేతికి నిలకడ లేదు, పసిపిల్లల నోట్లో పనిచేయడానికి తగదు, సీటు రద్దు చేయగలరు' అని పైకి రాసి పడేశాడు.

రద్దయితే మూడేళ్ళ చదువు గంగలో కలిసినట్టే. ఆమె తల్లి బట్టలు కుడుతుంది. ఆ సాయంత్రం ఫోను చేసి, "చదువు ఇంకెన్నాళ్ళే?" అని అడిగింది.

"వచ్చే నెలకి అయిపోతుందమ్మా."

"పోయిన నెలా ఇదే చెప్పావు కదే."

ఆ అమ్మాయి ఫోను పెట్టేసి సీసాలు కడిగే గదిలో కూర్చుని ఏడ్చింది. ఆ విభాగంలో నలుగురు సహాయ ప్రొఫెసర్లున్నారు. నలుగురూ నేలకేసి చూస్తూ నడిచారు ఆ వారమంతా. గాలిగొట్టం అందించిన మిషనాయన సంగతి సరేసరి. అన్నీ చూశాడు, రిటైర్మెంటు ఇంకా ఎనిమిది నెలలుందని నోరు కుట్టేసుకున్నాడు. అందరూ మంచివాళ్ళే, ఎవరికీ ఎందుకూ పనికిరాని మంచివాళ్ళు.

విచారణకి ముగ్గురు వచ్చారు. వాళ్ళకి పెద్ద ఒక ముసలి డాక్టరమ్మ. చేతికర్రతో నడుస్తుంది, చెవులు మాత్రం పాము చెవులు. రిజిస్టరు తిరగేసి, "మాటలెందుకు? ఒకే గట్టి పన్ను తీసుకుని చెరి సగం అతికించండి, నా ముందు. రేపు లాగి చూద్దాం" అంది.

తీరా చూస్తే గట్టి పన్ను లేదు. పుచ్చువి సీసాల కొద్దీ ఉన్నాయి. గట్టివి ఇళ్ళల్లోనే ఊడతాయి, ఆసుపత్రి మొహం చూడవు. అప్పుడు పెద్దసారు గొంతు సవరించుకుని, ఇంటికి మనిషిని పంపి ఒక చిన్న సీసా తెప్పించాడు.

"నాదే. పదేళ్ళప్పుడు ఊడింది. వారం వారం నీళ్ళు మార్చి మా అమ్మ ఇన్నేళ్ళూ కాపాడింది. చూడండి, ఒక్క మచ్చ లేదు."

అది మాట్లాడుతుందని ఆయనకి తెలియకపోలేదు. చిన్నప్పుడు క్లాసులో ఎప్పుడూ మొదటివాడు కనక పన్ను ఏ పంతొమ్మిదో ఎక్కమో అప్పజెబుతుందని ఆయన ధీమా. ఆ ముచ్చట అందరూ వినాలని కూడా ఉంది.

ఆయన సగం ఆయన చేశాడు. గాలి బుస్సుమని కొట్టి, "చూశారా, సున్నం!" అని డాక్టరమ్మకి చూపించాడు. పీజీ అమ్మాయి గాలి ఒక్కసారి మాత్రం ఊది, తడి దూదితో అద్ది, పొర మీద మెరుపు ఉండగానే జిగురు పూసింది. గింజ నిటారుగా నిలబడింది. రెండు ముక్కల సీసాలనీ డాక్టరమ్మ తన సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మిషనాయన ముందు పెద్దసారు ముక్క బిగించాడు. మిషను ఇలా కదిలిందో లేదో గింజ టప్పున ఊడింది. ఏడు. వెంటనే ఒక పిల్లాడి గొంతు ల్యాబంతా ఖణేల్‌మంది.

"నేను కాదమ్మా! చెల్లి పగలగొట్టింది!"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దసారు మొహం ఎర్రబడింది.

"పన్ను మారింది. ఇది నాది కాదు. నిన్న ఎవరో మార్చేశారు" అంటూ పీజీ అమ్మాయి వైపు చూశాడు.

"మార్చడానికి సీసాలు నా సంచీలో ఉన్నాయి కదండీ," అంది డాక్టరమ్మ. "రెండోది బిగించవయ్యా."

మిషనాయన బిగించాడు. అంకె తొమ్మిది దాటింది. పన్నెండు, పదహారు, ఇరవై. పీజీ అమ్మాయి కొంగు పిడికిట్లో నలిపేస్తోంది. ఇరవై మూడు దగ్గర ఠప్పుమంది. మళ్ళీ అదే గొంతు, ఈసారి వెక్కుతూ వచ్చింది.

"వద్దమ్మా, దాన్ని కొట్టకు. నేనే పగలగొట్టాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ పెద్దసారు వైపు చూశారు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి పట్టుకుంది.

"చెప్పండి డాక్టరుగారూ. గట్టిపళ్ళకి గాలి కొట్టింది ఎవరు?"

జవాబు ఆయన పన్నే అందించింది, ఆయన తిరిగి అంటే చాలు. పెద్దసారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"గాలి పంపు పాతదండీ," అన్నాడు. "మిషనాయన సర్వీసింగు చేయించలేదు."

మిషనాయన తలెత్తి ఆయన్ని చూశాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి నోరు తెరిచాడు. "ఊదింది మీరే సార్. గొట్టం అందించింది నేను. రాసుకోండమ్మా, సంతకం పెడతాను."

డాక్టరమ్మ రాసుకుంది. పీజీ అమ్మాయి మీద రాసిన వాక్యాలన్నిటినీ అడ్డంగా కొట్టేసింది. గట్టిపళ్ళ భాగం ఆమె ఒక్కతే మళ్ళీ చేయాలనీ, వ్యాసం మీద ఆమె ఒక్కదాని పేరే ఉండాలనీ కింద రాసి, కర్ర పట్టుకుని లేచింది. "మీలో ఉన్న కాస్త మంచీ ఆ పంటితోపాటే ఊడినట్టుంది డాక్టరుగారూ," అని, ఆయన జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ల్యాబు ఖాళీ అయింది. పీజీ అమ్మాయికి సంతోషంగానే ఉంది, ఒళ్ళంతా తేలికైనట్టుంది. అయినా ఆ రెండు ముక్కలనీ చెత్తలో వేయబోతే చెయ్యి రాలేదు. సారంటే ఆమెకి అసహ్యం, ఎప్పటికీ అసహ్యమే. కాని చెల్లికి దెబ్బ పడుతుంటే తట్టుకోలేక అడ్డం వెళ్ళిన ఆ పదేళ్ళ పిల్లాడు వేరు. శుభ్రమైన నీళ్ళు పోసి, రెండు ముక్కలనీ ఒకే సీసాలో వేసి మూత పెట్టింది.