ఎవరి మూల వారిది

యంత్రం నోట్లోంచి జారిపడుతున్న మొక్కజొన్న రొట్టెల్ని ఒబ్దులియా దొంతరలుగా పేర్చి, గుడ్డలో చుట్టి, త్రాసులో పెడుతోంది. వేళ్ల చివర్లు మొద్దుబారి చాలా ఏళ్లయింది; వేడి తెలియదు. పొట్టి మనిషి, భుజాలు ముందుకి వంగాయి, నెరిసిన జడ మీద ఎప్పుడూ పిండి దుమ్ము. అపిసాకో ఊళ్లో సగంమంది ఆమె చేతి రొట్టెలు తిన్నవాళ్లే. బజార్లో ఎదురైతే మాత్రం పోల్చుకోలేరు.

"ఇవాళ మీ బావ ఎవరినో భోజనానికి తెస్తున్నాడటగా," అంది కొట్టు యజమానురాలు కసిమీరా.

"ఎవరో స్నేహితురాలట. వండమన్నాడు."

"స్నేహితురాలా, నీ మొహం! ఊరంతా కోడై కూస్తోంటే నీ చెవినే పడలేదూ?"

ఒబ్దులియా త్రాసు తుడిచిపెట్టింది. నిన్న అమ్ముడుపోని రొట్టెలు సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టింది.

అక్క దెల్ఫీనా పురిట్లో పోయినప్పుడు, పసిదాని పాలు మాన్పించేదాకా ఉందామని వచ్చింది బావ ఇంటికి. ఆ పసిది నియేవెస్‌కి ఇప్పుడు పెళ్లయి, వేరు కాపురం. మధ్యలో ఒకసారి ఉవామంత్లా నుంచి ఒక దర్జీ ఒబ్దులియాని చేసుకుంటానని కబురంపాడు. "నువ్వెళ్తే పిల్లలేమైపోతారు?" అన్నాడు బావ ఫిదెన్సియో, రైల్వే టోపీ చేత్తో తిప్పుతూ. ఆ మాటలో ఇంకో మాట దాగుందనుకుందామె. ఆ రెండో మాట ఇవాళ్టికీ బయటికి రాలేదు.

వంటింట్లో జోళ్లు విడిచి రబ్బరు చెప్పులు తొడుక్కుని పొయ్యి వెలిగించింది. ఆరిన రొట్టెలైతేనే నూనెలో ముంచి తీసినా చిరగవు. నాలుగు మూలల మట్టి పళ్లెంలో ఒక వరస రొట్టెలు, మీద పుల్లటి పచ్చ టమాటాల పులుసు, మీగడ, తురిమిన చీజ్, మళ్లీ రొట్టెలు. ఏది ఉంటే అది ఇముడుతుంది అందులో. బావ వైపు కోడిమాంసంతోపాటు కాల్చి తొక్కతీసిన మిరప చీలికలు దండిగా. అక్క పెద్దకొడుకు రుతీలియోది కడుపు మంట. అతని మూలకి కారం తగలనివ్వదు. నియేవెస్ మాంసం మానేసింది, ఆమెకి గుమ్మడిపువ్వులు. నాలుగో మూల కొత్తామెకి. ఆమెకేది ఇష్టమో తెలియక అన్నీ కొద్దికొద్దిగా వేసి, పళ్లెం సెగమీద పెట్టింది.

మూడింటికి అందరూ బల్ల చుట్టూ చేరారు. కొత్తామె లెయొకాదియా బొద్దుగా, నవ్వుముఖంతో ఉంది. దారాలూ గుండీలూ అమ్మే కొట్టు ఆమెది. ఫిదెన్సియో కొత్త చొక్కా వేసుకున్నాడు. గొంతు సవరించుకుని, వచ్చే నెల పెళ్లి అని చెప్పాడు. పిల్లలిద్దరూ లేచి కౌగిలించుకున్నారు. చేతిలో గరిటె ఉంది కనక ఒబ్దులియా వడ్డించింది.

"కూచోండి, మీరూ తినండి," అంది లెయొకాదియా.

"పిన్ని కూచోదండీ, నిలబడి తినడమే అలవాటు," అంది నియేవెస్.

"ఒబ్దులియా ఎక్కడికీ పోదులే," అన్నాడు ఫిదెన్సియో కాబోయే భార్యతో. "ఆమె లేకపోతే మన కడుపులేం గాను?"

లెయొకాదియా పళ్లెంకేసి చూసింది. "ఎవరి మూల వాళ్లకి ఎంత బాగా చేశారు! మరి మీ మూల ఏది, ఒబ్దులియా గారూ?"

"అడుగు గీకితే వచ్చే మాడు పిన్నిది!" అన్నాడు రుతీలియో. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే, తనకోసమే వండుకుంటే ఏం వేసుకునేదో ఆలోచించింది. కోడా, మిరపా, పువ్వులా? ఏదీ తట్టలేదు.

కాఫీలయ్యాక వాళ్లు టీవీలో ఫుట్‌బాల్ ఆట పెట్టుకున్నారు. ఆమె గిన్నెలన్నీ కడిగి బోర్లించింది. తన గదిలోకెళ్లి రెండు జతల బట్టలూ ఉన్ని శాలువా సంచిలో సర్దుకుంది. వంటింట్లో బయటి జోళ్లు తొడుక్కుని హాలు దాటుతుంటే ఫిదెన్సియో తల తిప్పకుండానే అడిగాడు.

"ఎక్కడికి?"

"ఇలా బయటికి, బావా."

"వచ్చేటప్పుడు బ్రెడ్ పట్రా."

వీధిలో ఎండ ఇంకా పోలేదు. గూడ్సు బండి వెళ్లేదాకా రైలు గేటు దగ్గర నిలబడింది. ఏడుపు రాలేదు. కసిమీరా ఇంటి తలుపు తట్టి, "మీ మేడమీద గది ఖాళీయేనా?" అని అడిగింది.

కసిమీరా సంచి చూసింది, మొహం చూసింది. "ఖాళీయే. తిన్నావా?"

"లేదు."

"ఏం తింటావు చెప్పు, చేస్తాను."

ఒబ్దులియా గుమ్మంలోనే నిలబడి ఆలోచిస్తూ ఉండిపోయింది. కసిమీరా తొందరపెట్టలేదు.

అక్కడ బావ ఇంట్లో, చీకటి పడుతుండగా నియేవెస్ పిన్నిని పిలుస్తూ వంటింట్లోకెళ్లి లైటు వేసింది. పొయ్యి ముందు, ఇంకా ఎవరో నిలబడి వండుతున్నట్టే, పాదాల అచ్చు పడి నల్లబడిన పాత రబ్బరు చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి.